ప్లాస్టర్‌తో చంద్రుణ్ని మలిచిన ఇంజినీరు: జేమ్స్ నాస్మిత్ జీవితకథ

1874వ సంవత్సరంలో లండన్‌లోని జాన్ ముర్రే ప్రచురణ సంస్థ చంద్రునిపై ఒక పెద్ద గ్రంథాన్ని వెలువరించింది. అందులోని ఫొటోలు నాటి పాఠకులను నిశ్చేష్టులను చేశాయి. చంద్రబిలాల అంచులు, వాటి నడుమ లేచిన శిఖరాలు, లోయల్లోకి జారిన కాటుక నల్లని నీడలు, ఎవరో విమానమెక్కి పైనుంచి తీసినంత స్పష్టంగా కనిపించాయి. కానీ అప్పటికి విమానం పుట్టలేదు. అంతటి వివరాలను టెలిస్కోపు ద్వారా పట్టగల కెమెరా కూడా ఆనాడు లోకంలో లేదు.

మరి ఆ ఫొటోలు ఎక్కడివి? అవి ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, ఒక విశ్రాంత ఇంజినీరు ఇంట తీసినవి. వాటిలో కనిపించేది చంద్రుడు కాదు, ప్లాస్టర్. ముప్పై ఏళ్ల పాటు టెలిస్కోపులో చూసి గీసుకున్న బొమ్మల ఆధారంగా చంద్రుని నేలను ప్లాస్టర్‌తో మలిచి, దాన్ని ఎండలో ఉంచి, నీడలు సరిగ్గా పడిన క్షణంలో ఫొటో తీసిన ఆ ఇంజినీరు పేరు జేమ్స్ నాస్మిత్. ఆవిరి సుత్తిని కనిపెట్టిన వ్యక్తిగా అప్పటికే ఆయన పేరు జగమెరిగినది.

ఒక నేలను నమూనాగా మలిచి, ఆ నమూనాను చిత్రంగా మార్చి, ఆ చిత్రాన్నే ఆ నేలకు సాక్ష్యంగా చూపడం నేటి డిజిటల్ పటాల యుగంలో మనకు నిత్యకృత్యం. ఆ పని ఎంత గొప్పదో, అందులో ఎంత ప్రమాదం పొంచి ఉందో నాస్మిత్ జీవితం తెలియజేస్తుంది.

చిత్రకారుని ఇంట యంత్రాల పిచ్చి

జేమ్స్ నాస్మిత్ 1808 ఆగస్టు 19న స్కాట్లాండులోని ఎడిన్‌బరా నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ నాస్మిత్ పేరున్న చిత్రకారుడు. స్కాట్లాండు ప్రజాకవి రాబర్ట్ బర్న్స్ అనగానే నేటికీ జనం కళ్ల ముందు నిలిచే రూపచిత్రం ఆయన కుంచె నుంచి వచ్చినదే. అన్న పాట్రిక్‌తో పాటు అక్కచెల్లెళ్లు కూడా చిత్రకళలో ప్రవీణులు. ఆ ఇంట్లో కాగితం మీద గీయడం అక్షరాభ్యాసమంత సహజమైన విద్య.

తండ్రికి రంగుల మీద ఎంత ప్రీతో యంత్రాల మీదా అంతే. ఇంట్లోనే చిన్న పనిశాల ఏర్పాటు చేసుకుని ఏదో ఒకటి తయారు చేస్తుండేవారు. కుమారునికి కుంచె కన్నా ఆ పనిశాలే ఎక్కువగా నచ్చింది. పాఠశాల చదువు పన్నెండో ఏటనే ముగిసింది. ఆపైన ఎడిన్‌బరాలో కొత్తగా నెలకొన్న కళాశాలలో శాస్త్ర పాఠాలు విన్నారు. పదిహేడేళ్లు నిండకముందే చిన్న చిన్న ఆవిరి యంత్రాల నమూనాలు తయారు చేసి అమ్మి, ఆ డబ్బుతో విశ్వవిద్యాలయ ఉపన్యాసాలకు రుసుము కట్టుకున్నారు. ఇత్తడి కరిగించి పోత పోయడానికి తన పడకగదినే కొలిమిగా మార్చుకున్నారు.

చిత్రకారుని కన్ను, కమ్మరి చెయ్యి ఆ బాలునిలో అలా ఒక్కటయ్యాయి. ఏ వస్తువునైనా ముందు గీసి, తరువాత చేతితో మలిచి, అప్పుడు గాని దాన్ని అర్థం చేసుకున్నట్టు భావించని స్వభావం ఆయనకు అప్పుడే ఏర్పడింది. తరువాతి జీవితమంతా ఆ స్వభావమే ఆయనను నడిపించింది.

లండన్ నుంచి మాంచెస్టర్‌కు

ఆ రోజుల్లో ఇంగ్లండులో యంత్ర నిర్మాణానికి పెద్ద దిక్కు హెన్రీ మాడ్స్‌లే. లండన్‌లో ఆయన కర్మాగారం దేశంలోని యువ మెకానిక్కులకు గురుకులం వంటిది. అయితే డబ్బు కట్టి పని నేర్చుకునే శిష్యులను చేర్చుకోవడం ఆయన అప్పటికే మానేశారు. 1829లో ఇరవయ్యేళ్ల నాస్మిత్ తాను స్వయంగా చేసిన ఆవిరి యంత్రపు నమూనాను, గీసిన చిత్రాలను వెంటపెట్టుకుని ఆయన ఎదుట నిలిచారు. ఆ పనితనాన్ని చూసిన మాడ్స్‌లే ఆయనను తన సొంత సహాయకునిగా పెట్టుకున్నారు. వారానికి పది షిల్లింగుల జీతం. ఆ కొద్ది సొమ్ములోనే బతకాలని పట్టుబట్టిన నాస్మిత్ తన వంట కోసం ఒక చిన్న పొయ్యిని రూపొందించుకున్నారు.

లోహపు ఉపరితలాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చదును చేయడం, కొలతను కంటితో గాక పరికరంతో నిర్ణయించడం మాడ్స్‌లే నేర్పిన విద్య. 1831లో గురువు కన్నుమూశారు. మరికొంత కాలానికి నాస్మిత్ తన సొంత పనిముట్లతో ఉత్తరాదికి ప్రయాణమై, 1834లో మాంచెస్టర్ నగరంలో ఒక పాత భవనపు పై అంతస్తులో చిన్న పనిశాల తెరిచారు. పనులు వెల్లువెత్తాయి. భవనం మాత్రం ఆ బరువుకు తట్టుకోలేదు. ఒక రోజు ఆవిరి యంత్రపు ఇనుప దూలం నేలను చీల్చుకుని, కింది అంతస్తులో గాజు సామాను చెక్కే వ్యాపారి దుకాణంలోకి దిగబడింది.

ఇక అక్కడ ఉండలేక 1836లో నగరం వెలుపల పాట్రిక్రాఫ్ట్ వద్ద బ్రిడ్జ్‌వాటర్ ఫౌండ్రీని నెలకొల్పారు. ఒక పక్క కాలువ, మరో పక్క లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం. సరకు రావడానికి, యంత్రాలు పోవడానికి అంతకు మించిన తావు లేదు. హోల్‌బ్రూక్ గాస్కెల్ భాగస్వామిగా చేరారు. లోహాన్ని కోసి రూపమిచ్చే షేపింగ్ యంత్రంతో మొదలుకొని రైలింజన్ల దాకా అక్కడ తయారయ్యాయి.

ఆ విజయంలో ఒక చేదు కోణం కూడా ఉంది. ఏళ్ల తరబడి శిష్యరికం చేసిన వారికే పని ఇవ్వాలని కార్మిక సంఘాలు పట్టుబట్టగా, నాస్మిత్ ససేమిరా ఒప్పుకోలేదు. సమ్మె జరిగితే స్కాట్లాండు నుంచి పనివారిని రప్పించారు. తమంతట తాము నడిచే యంత్రాలను పెంచి, నిపుణుల స్థానంలో తక్కువ జీతానికి వచ్చే కుర్రవాళ్లను నిలిపారు. యంత్రం తెచ్చిన సంపదలో పనివాని వాటా ఎంతన్న ప్రశ్న ఆయన కర్మాగారపు గుమ్మం ముందు కూడా నిలిచింది. ఆయన మాత్రం యజమాని పక్షానే నిలిచారు.

గుడ్డును చిదపగల సుత్తి, ఉక్కును వంచగల సుత్తి

నాస్మిత్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన పని ఒక ఓడ కారణంగా మొదలైంది. గ్రేట్ బ్రిటన్ అనే మహానౌకకు పక్క చక్రాలను తిప్పే భారీ ఇనుప ఇరుసు కావలసి వచ్చింది. అంత లావు ఇరుసును సాగగొట్టగల సుత్తి దేశంలో లేదు. అప్పటి సుత్తులు కొయ్య పిడికి బిగించినట్టు ఒక కొసన ఊగుతూ పడేవి. దాగలి మీద పెట్టిన ఇనుము ఎంత లావైతే సుత్తి లేచే ఎత్తు అంత తగ్గుతుంది, అంటే దెబ్బ బలంగా కావలసిన చోటనే బలహీనమవుతుంది.

1839 నవంబరు 24న నాస్మిత్ తన చిత్తు పుస్తకంలో పరిష్కారాన్ని గీశారు. బరువైన ఇనుప దిమ్మెను ఆవిరి బలంతో నిట్టనిలువుగా పైకెత్తి, కావలసినంత ఎత్తు నుంచి వదలడమే ఆ ఉపాయం. ఇంతలో ఓడ రూపకర్త బ్రూనెల్ పక్క చక్రాలను మాని, నీటిలో తిరిగే మర చక్రాన్ని ఎంచుకున్నారు. ఇరుసు అవసరం పోయింది, సుత్తి కాగితం మీదే మిగిలింది.

కొంతకాలానికి ఫ్రాన్స్‌లోని లె క్రూజో కర్మాగారం వారు పాట్రిక్రాఫ్ట్‌కు వచ్చారు. నాస్మిత్ ఊళ్లో లేనప్పుడు గాస్కెల్ వారికి ఆ చిత్తు పుస్తకం చూపించారు. 1842లో నాస్మిత్ లె క్రూజోకు వెళ్లినప్పుడు తన ఊహలోని సుత్తి అక్కడ నిజంగానే పని చేస్తుండడం చూశారు. ఆయన వెంటనే స్వదేశంలో పేటెంటు తీసుకున్నారు. ఆ సుత్తిని తమ ఇంజినీరు బూర్డన్ స్వతంత్రంగా రూపొందించారని ఫ్రెంచివారు వాదించారు. ఆ వివాదం చరిత్రలో అలాగే నిలిచిపోయింది.

సుత్తి మాత్రం ప్రపంచాన్ని చుట్టివచ్చింది. సందర్శకుల ముందు ఒక గాజు గ్లాసులో కోడిగుడ్డు పెట్టి, గ్లాసు పగలకుండా గుడ్డు పెంకు మాత్రమే చిట్లేలా ఆ భారీ దిమ్మెను దించి చూపేవారు. మరుక్షణం అదే దిమ్మె భవనం కంపించేలా ఇనుము మీద పడేది. ఆ సూత్రంతోనే నదీగర్భంలో స్తంభాలను దించే యంత్రం కూడా పుట్టింది. నాస్మిత్ సంపన్నుడయ్యారు.

కాలువ గట్టున దయ్యం

పగలంతా ఇనుముతో గడిపిన నాస్మిత్ రాత్రిళ్లు ఆకాశానికి అంకితమయ్యేవారు. రాగి, తగరం కలిపి పోత పోసిన లోహపు అద్దాలను తానే నునుపు చేసి టెలిస్కోపులు తయారు చేసుకున్నారు. నెప్ట్యూన్ గ్రహానికి ఉపగ్రహమైన ట్రైటన్‌ను కనుగొన్న విలియం లాసెల్ ఆయనకు మిత్రుడు. లాసెల్ వృత్తిరీత్యా బీరు తయారీదారు. వృత్తి ఒకటైనా మనసంతా ఆకాశంలో నిలిపిన ఆ ఇద్దరికీ చక్కగా కుదిరింది.

నిర్మలమైన రాత్రి వస్తే పడక దిగి, రాత్రి దుస్తులతోనే టెలిస్కోపును చేతుల్లో ఎత్తుకుని తోటలోకి నడిచేవారు నాస్మిత్. ఒకసారి కాలువలో పడవ నడుపుతూ పోతున్న సరంగు ఆ తెల్లని ఆకారాన్ని చూసి, శవపేటికను మోసుకుపోతున్న దయ్యమని హడలిపోయాడు. పాట్రిక్రాఫ్ట్ దయ్యం కథ కాలువ పొడుగునా పాకింది.

ఆయన నిర్మించిన వాటిలో ముఖ్యమైనది ఇరవై అంగుళాల అద్దమున్న టెలిస్కోపు. పెద్ద టెలిస్కోపుతో చూడాలంటే ఆ రోజుల్లో పరిశీలకుడు నిచ్చెనలెక్కి, చలిలో ప్రమాదకరంగా నిలబడవలసి వచ్చేది. నాస్మిత్ మూడో అద్దాన్ని చేర్చి, వెలుగును గొట్టం ఊగే ఇరుసు గుండా పక్కకు మళ్లించారు. గొట్టం ఏ ఎత్తుకు తిరిగినా కన్ను పెట్టే చోటు మారదు. తిరుగుడు వేదిక మీద కుర్చీ వేసుకుని హాయిగా కూర్చుని చూడవచ్చు. ఆ అమరికను ఖగోళ శాస్త్రజ్ఞులు నేటికీ నాస్మిత్ ఫోకస్ అనే పిలుస్తారు. హవాయిలోని కెక్ టెలిస్కోపుల్లో అదే ఉంది. భారతదేశం భాగస్వామిగా ఉన్న ముప్పై మీటర్ల టెలిస్కోపు రూపకల్పనలోనూ బరువైన పరికరాలను నిలిపేది నాస్మిత్ వేదికల మీదనే.

ఆ కుర్చీలో కూర్చుని ఆయన అన్నిటికన్నా ఎక్కువగా చూసింది చంద్రుణ్నే. బూడిదరంగు కాగితం మీద నల్లని, తెల్లని సుద్దలతో ఒక్కొక్క బిలాన్నీ మళ్లీ మళ్లీ గీశారు. 1851లో లండన్ మహాప్రదర్శనలో ఆవిరి సుత్తితో పాటు ఆయన చంద్రపటాన్ని కూడా ప్రదర్శించారు. రెంటికీ పతకాలు లభించాయి.

ప్లాస్టర్ మీద పడిన ఎండ

1856 చివర, నలభై ఎనిమిదేళ్ల వయసులో, వ్యాపారం మంచి ఊపులో ఉండగానే నాస్మిత్ విరమించుకున్నారు. భార్య ఆన్‌తో కలిసి కెంట్ ప్రాంతంలోని పెన్స్‌హర్స్ట్‌లో స్థిరపడ్డారు. ఇంటికి తన సుత్తి గుర్తుగా హామర్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకున్నారు. ఇక రాత్రులతో పాటు పగళ్లు కూడా చంద్రునివే అయ్యాయి.

అప్పటికే ఫొటోగ్రఫీ ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టింది. వారెన్ డి లా రూ వంటివారు నిండు చంద్రుని ఫొటోలు తీశారు. అయితే నాటి ఫొటో పలకలకు వెలుగు చాలా సేపు తగలాలి. ఆ వ్యవధిలో భూమి వాతావరణం ఏటి నీటిలా కదులుతూనే ఉంటుంది. ఫలితంగా బిలాల సూక్ష్మ వివరాలు చెదిరిపోయేవి. కంటికి ఆ ఇబ్బంది లేదు. గాలి ఒక్క క్షణం నిలకడగా ఉంటే చాలు, ఆ క్షణంలో చూసినదాన్ని మనసు పట్టుకోగలదు. కన్ను చూసిన దాన్ని కెమెరా పట్టలేదు, కెమెరాకున్న విశ్వసనీయత చేతి బొమ్మకు లేదు. ఈ చిక్కుకు నాస్మిత్ కనుగొన్న పరిష్కారమే నమూనా.

ఏళ్ల తరబడి గీసిన బొమ్మలను ముందుంచుకుని ఒక్కొక్క ప్రాంతాన్నీ ప్లాస్టర్‌లో ఎత్తుపల్లాలతో మలిచారు. చంద్రుని మీద ఏ వేళ సూర్యుడు ఏ కోణంలో ఉన్నాడో, నమూనా మీద కూడా ఎండ అదే కోణంలో పడేలా అమర్చారు. టెలిస్కోపులో చూసిన నీడకు, ప్లాస్టర్ మీద పడిన నీడకు పోలిక కుదిరిన తరువాత ఫొటో తీశారు. కోపర్నికస్, ప్లేటో, టైకో బిలాలు, ఎపినైన్ పర్వతశ్రేణి వంటివి అలా ఆయన ఇంట రూపుదిద్దుకున్నాయి. గ్రీనిచ్‌లోని రాజ వేధశాలలో పనిచేసిన జేమ్స్ కార్పెంటర్ సహరచయితగా చేరారు. 1874 నాటి గ్రంథం అలా పుట్టింది. ఫొటోలు చెరిగిపోకుండా సిరాతో అచ్చయ్యే వుడ్‌బరీటైప్ వంటి కొత్త ముద్రణ పద్ధతులను అందులో వాడారు.

ఇది మోసమా? కానే కాదు. బొమ్మలు ఎలా గీసినదీ, నమూనాలు ఎలా చేసినదీ, వాటిని ఎండలో ఎలా ఫొటో తీసినదీ రచయితలు గ్రంథంలోనే దాపరికం లేకుండా వివరించారు. అయితే ఫొటోకు ఒక వింత శక్తి ఉంది. పక్కన ఎంత వివరణ రాసినా, చూసిన కన్ను దాన్ని ఋజువుగానే స్వీకరిస్తుంది. ప్లాస్టర్ మీద పడిన ఎండ నిజమైనదే, కెమెరా పట్టిన నీడ నిజమైనదే. ఆ నీడకు కారణమైన కొండ మాత్రం ఒక మనిషి చేతి పని.

అదే గ్రంథంలో మరో ప్రసిద్ధ చిత్రం ఉంది. ముడుతలు పడిన వృద్ధుని చేతి వెనుక భాగం, దాని పక్కనే వాడి ముడుచుకున్న ఆపిల్ పండు. లోపల కుంచించుకుపోతే పై తొక్క ముడుతలు పడుతుంది కదా, చల్లారుతూ కుంచించుకుపోయిన చంద్రుని మీద పర్వతాలు కూడా అలాగే లేచాయని చెప్పడానికి ఆ పోలిక. బిలాల గురించి ఆయన వాదం వేరు. ఒకప్పుడు అవి అగ్నిపర్వతాలని, వాటి నోటి నుంచి ఫౌంటెన్‌లా పైకి చిమ్మిన పదార్థం గాలి లేని చోట, తక్కువ గురుత్వంలో దూరంగా పోయి వలయంగా పేరుకున్నదని, ఆఖరి చిమ్మటలో మిగిలినదే నడిమి శిఖరమని ఆయన వివరించారు.

నీడ చెప్పని సంగతి

ఆ వివరణలు నిలవలేదు. చంద్రబిలాలలో అత్యధికం అంతరిక్ష శిలలు ఢీకొన్నప్పుడు ఏర్పడినవని ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. మహావేగంతో పడిన శిల విస్ఫోటం చెందుతుంది కనుక, అది ఏ వాలున వచ్చినా బిలం దాదాపు గుండ్రంగానే ఏర్పడుతుంది. పెద్ద బిలాల్లో దెబ్బకు అణగిన నేల తిరిగి ఎగదన్ని నడిమి శిఖరమవుతుంది.

అంతకన్నా సూక్ష్మమైన పొరపాటు నమూనాల్లోనే ఉంది. వాటిలోని కొండలు, గోడలు వాస్తవానికి మించి నిటారుగా ఉన్నాయి. ఆ పొరపాటుకు మొదటి కారణం నీడ. చంద్రుని మీద చీకటి వెలుగుల సరిహద్దున సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉంటాడు. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉంటే కిలోమీటరు ఎత్తున్న కొండ నీడ పదకొండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఆ పొడవాటి, మొనదేలిన నీడను చూసిన మనసు కొండ కూడా మొనదేలినదే అనుకుంటుంది. మన ఊరి మట్టి దిబ్బ నీడ సైతం సాయంకాలం గోపురమంత పొడవుగానే సాగుతుంది కదా.

కోపర్నికస్ బిలాన్నే తీసుకుందాం. దాని వెడల్పు సుమారు 93 కిలోమీటర్లు, లోతు నాలుగు కిలోమీటర్ల కన్నా తక్కువ. పాతిక సెంటీమీటర్ల వెడల్పున్న పళ్లెం ఒక్క సెంటీమీటరు లోతు ఉంటే ఎలా ఉంటుందో ఆ బిలం అలా ఉంటుంది. నాస్మిత్ ప్లాస్టర్‌లో అది లోతైన గిన్నెను తలపిస్తుంది.

రెండో కారణం తర్కం. చంద్రుని మీద గాలి లేదు, వాన లేదు. కాబట్టి కొండల అంచులను అరగదీసేది ఏదీ లేదు, అవి పుట్టినప్పటి పదునుతోనే ఉంటాయి. వినడానికి ఎంత సబబుగా ఉంది! కానీ కోట్ల సంవత్సరాలుగా ఇసుక రేణువుల్లాంటి చిన్న ఉల్కలు వానకు బదులుగా కురుస్తూ ఆ నేలను పిండి చేస్తూనే ఉన్నాయని నాడు ఎవరు ఊహించారు?

సూర్యుని విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. సూర్యుని ఉపరితలమంతా విల్లో ఆకుల వంటి రూపాలు అల్లుకుని ఉన్నాయని 1860ల తొలినాళ్లలో ఆయన ప్రకటించగా, ఇతర పరిశీలకులు ఆ ఆకారాన్ని అంగీకరించలేదు. చిత్రకారుని కన్ను చూసినదాన్ని పోల్చుకుంటుంది, పోల్చుకున్నదాన్ని కొంత చక్కదిద్దుతుంది. ఆయన ప్రతిభ, పరిమితి రెండూ అక్కడే ఉన్నాయి.

నిటారైన చంద్రపర్వతాల ఊహ నాస్మిత్‌తో ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దపు నడిమి దాకా చెస్లీ బోన్‌స్టెల్ వంటి అంతరిక్ష చిత్రకారులు సూదుల్లాంటి శిఖరాలనే గీశారు. 1971 జులైలో అపోలో 15 వ్యోమగాములు ఎపినైన్ పర్వతపాదాన దిగారు. నాస్మిత్ ప్లాస్టర్‌లో మలిచిన శ్రేణి అదే. సుమారు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున్న హ్యాడ్లీ పర్వతం అక్కడ వారికి గుండ్రంగా, నునుపుగా, బూడిదరంగు మట్టి కుప్పలా దర్శనమిచ్చింది.

ప్లాస్టర్ నుంచి అంకెల దాకా

అయితే నాస్మిత్ పద్ధతి ఆయన పొరపాటుతో పాటు అంతరించలేదు. ఇరవయ్యో శతాబ్దంలో జర్మనీలోని మ్యూనిక్‌లో కార్ల్ వెన్‌షో సంస్థ భూమి ఎత్తుపల్లాలను కొలతల ప్రకారం ప్లాస్టర్‌లో చెక్కి, ఒక పక్క నుంచి వెలుగు వేసి ఫొటో తీసి, ఆ నీడలతో పాఠశాలల గోడపటాలు ముద్రించింది. పటం మీద కొండ ఉబ్బెత్తుగా కనిపించే ఆ ఆకర్షణ వెనుక ఉన్నది నాస్మిత్ ఉపాయమే. స్విట్జర్లాండులోని లూసర్న్‌లో, పద్దెనిమిదో శతాబ్దంలో జనరల్ ఫైఫర్ నిర్మించిన ఆల్ప్స్ పర్వతాల మహా నమూనాను జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు వైపుల నుంచి ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో డిజిటల్ రూపానికి మార్చారు. దాన్ని నేటి పటంతో పోల్చి, రెండు శతాబ్దాల నాటి కొలతలు ఎక్కడ సరిపోయాయో, ఎక్కడ తప్పాయో తేల్చారు.

నేడు చంద్రపటాలు తయారయ్యే తీరులో ఈ ప్రక్రియ తలకిందులైంది. శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1లో నేల స్వరూపాన్ని చిత్రించే కెమెరా ఒకటి ఉంది. ముందుకు, నిట్టనిలువుగా కిందికి, వెనుకకు మూడు కోణాల్లో అది ఒకే చోటును ఫొటో తీసింది. మన రెండు కళ్లు చూసే దృశ్యాల తేడాతో మెదడు దూరాన్ని పసిగట్టినట్టే, ఆ ఫొటోల తేడాతో కంప్యూటరు ప్రతి బిందువు ఎత్తును లెక్కిస్తుంది. నేలంతా అంకెల వలగా మారుతుంది. ఆ అంకెలే నేటి ప్లాస్టర్. ఆ డిజిటల్ నమూనా మీద కంప్యూటరు ఏ కోణం నుంచైనా కృత్రిమ సూర్యకాంతిని ప్రసరింపజేసి నీడలను గీయగలదు. పెన్స్‌హర్స్ట్ ఇంట నాస్మిత్ చేసినదీ అదే.

ఆ నీడలు నిజమో కాదో తేల్చుకోవడం ఇప్పుడు ప్రాణావసరమైన సంగతి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ దిగే చివరి ఘట్టంలో కూలిపోయిన వార్త తెల్లవారేసరికి దేశమంతటా ఇంటింటా వినిపించింది. దిగే యంత్రానికి తన కింద ఉన్న నేల గురించి సరైన పరిజ్ఞానం కావాలి. కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె సమీపంలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ కృత్రిమంగా చంద్రబిలాలను తవ్వించి, వాటిపై ల్యాండర్ పరికరాలను పరీక్షించింది. కన్నడ సీమ మట్టిలో మలిచిన చంద్రుని నేలపై యంత్రపు కళ్లు చూపు సరిచూసుకున్నాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో సురక్షితంగా దిగింది. దిగే చోటును ఎంచుకోవడంలో చంద్రయాన్-2 కక్ష్యానౌక పంపిన సూక్ష్మ చిత్రాలు తోడ్పడ్డాయి.

చివరి రోజులు

నాస్మిత్ తన జీవితకథను సుప్రసిద్ధ రచయిత శామ్యూల్ స్మైల్స్ సంపాదకత్వంలో 1883లో వెలువరించారు. 1890 మే 7న లండన్‌లో తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 81 ఏళ్లు. చంద్రుని మీద ఒక బిలం నేడు ఆయన పేరు మోస్తున్నది.

ఆయన సుత్తులు చాలావరకు మూలనపడ్డాయి. ఆయన సిద్ధాంతాలు పాఠ్యపుస్తకాల నుంచి ఏనాడో తొలగిపోయాయి. ఆ ప్లాస్టర్ చంద్రుని ఫొటోలు మాత్రం నేటికీ చూసినవారిని ఒక్క క్షణం ఆపేస్తాయి. చందమామలో కుందేలును చూస్తూ పెరిగిన మనకు అది వింతేమీ కాదు. చంద్రుని మచ్చల్లో కుందేలును మనిషే చూశాడు, నీడల్లో నిటారు శిఖరాలనూ మనిషే చూశాడు. నాస్మిత్ తాను చూసినదాన్ని చేతితో మలిచి, ఎలా మలిచారో చెప్పి, తరువాతి తరాల ముందు పరీక్షకు నిలిపారు. పరీక్షలో ఆయన కొండలు ఓడిపోయాయి. దాపరికం లేని ఆయన పద్ధతి నిలిచింది. మన చేతిలోని ఫోను తెర మీద కొండలు, లోయలు ఉబ్బెత్తుగా మెరిసే డిజిటల్ పటాన్ని చూసినప్పుడు, దాని వెనుక ఎవరో కొలిచిన అంకెలు, ఎవరో ఎంచుకున్న వెలుగు ఉన్నాయని గుర్తు చేసేది ఆ ప్లాస్టర్ చంద్రుడే.